మజ్జిగలో పడ్డ పెళ్లి

తణుకు,
గురువారం.

పిన్నీ,

ఫోన్ చేస్తే నవ్వాగక ఒక్క మాటా చెప్పలేకపోయాను. అందుకే రాస్తున్నాను.

మొన్న రాజమండ్రి కంప్యూటర్ల కొట్లో "పెద్ద డిస్క్ ఒకటి చాలదటే? రెండోది దేనికే?" అని కోప్పడ్డావు కదా. ఆ రెండోది, ఎస్‌ఎస్‌డి, చిన్నదే గానీ వేగంగా పనిచేస్తుంది, ఎడిటింగ్‌కి. పెద్ద హార్డ్ డిస్క్ నిదానం, వీడియోలు దాచుకోవడానికి. వీడియో తీయడానికి నేను ఒప్పుకున్న ఈ మొదటి పెళ్లి సరిగ్గా తీయలేకపోతే మళ్లీ మిల్లులో లెక్కలు రాయడానికి వెళ్తానని అమ్మకి మాటిచ్చాను మరి!

నిన్న ముహూర్తమయ్యాక, కెమెరా కార్డులోని పెళ్లంతా రెండింటిలోకీ ఎక్కించి, ఊరేగింపు కోసం కార్డు ఖాళీ చేశాను. నాకు తోడొచ్చిన హేమశ్రీ ఎస్‌ఎస్‌డి చేత్తో పట్టుకుని భోజనాల మధ్య నుంచి వస్తూ కాలు జారింది. చేతిలోని ఎస్‌ఎస్‌డి వెళ్లి మజ్జిగ గంగాళంలో బుడుంగుమంది!

పెళ్లికూతురి తాత వీరాస్వామిగారు మోచేతి దాకా చెయ్యి పెట్టి దాన్ని పైకి తీశారు. "అమ్మాయ్, మా మనవరాలి పెళ్లి మజ్జిగపాలేనా?" అన్నారు. హేమశ్రీ ఏడుపు మొదలెట్టింది.

"లేదండీ తాతగారూ, ఇంకోటుందండీ!" అని సంచిలోంచి హార్డ్ డిస్క్ తీసి లాప్‌టాప్‌కి పెట్టాను. తెర మీద జీలకర్ర బెల్లం కనబడగానే విస్తళ్ల ముందున్నవాళ్లంతా ఎంగిలి చేతులతోనే చుట్టూ మూగారు. తాతగారు ఆనందం పట్టలేక, మజ్జిగ కారుతున్న చేత్తోనే నా తల నిమిరేశారు.

ఇంటికొస్తే అమ్మ తలంటుతూ నవ్వీ నవ్వీ అలిసిపోయింది. ఆఖరి చెంబు పోస్తూ మెల్లగా అడిగింది:

"రెండో పెళ్లికి ఎప్పుడెళ్తున్నావే?"

మజ్జిగ వాసన ఇంకా వదలని
నీ అక్క కూతురు