బ్రూనో ఊపిరి, గౌరి పొగ

అల్లవరం,
5 ఆగస్టు 2024

ఇవాళ్టి పనులు: రెండు బకెట్ల బట్టలు, ఇల్లు కడగడం, పదహారు కొబ్బరికాయలు ఒలిపించడం, ఆరింటికి స్నానం, ప్రార్థన. జరగనిది: రాత్రి వంట.

అప్పాయమ్మ పిన్నిగారికి లిడియా వందనములు.

వంట ఎందుకు జరగలేదంటే, 6.10కి మా బ్రూనోకి ఊపిరి అందలేదు. మెడ చాచి, ముందు కాళ్ళు ఎడంగా పెట్టి, గుర్రు గుర్రుమని గాలి లోపలికి లాగుతూ నిలబడిపోయాడు. అర నిమిషం. తర్వాత ఏమీ ఎరగనట్టు తోక ఊపాడు. నేను మాత్రం గంటసేపు కూర్చున్న చోటి నుంచి లేవలేకపోయాను. ఏడేళ్లుగా నా కాళ్ళ దగ్గరే పడుకునే ప్రాణి. వాడికేమైనా అయితే నేను తట్టుకోలేను.

గోడ మీంచి అడిగితే మాటకి మాట పెరుగుతుందని కాగితం మీద అడుగుతున్నాను. నిన్న మీ పెరట్లోంచి వాడికి చేప ముల్లు ఏమైనా పడిందా?

ఇట్లు,
లిడియా

తా.క.: ఉత్తరం గోడ మీద పాల చెంబు కింద పెట్టాను. జవాబు కూడా దాని కిందే పెట్టండి, పాలు పోయకముందు.

*

6 ఆగస్టు

లిడియమ్మకి దీవెనలు.

నిన్న మా ఇంట్లో వంకాయమ్మా. వంకాయకి ముళ్ళుంటే తొడిమకుంటాయి. అది తీసేసే వండుతాం. చేపలు తెచ్చి పది రోజులైంది. బ్రూనో నా కళ్ళ ముందు పెరిగినోడు, వాడికి ముల్లు పెడతానా? అమలాపురం తీసికెళ్ళి చూపించు. ఆలస్యం చెయ్యకు.

నీ పిన్ని,
అప్పాయమ్మ

తా.క.: పులస దొరికిన రోజైతే కుక్కకి కాదు కదా, మా ఆయనకే ముల్లు మిగల్చను.

*

12 ఆగస్టు

పిన్నిగారికి వందనములు.

వారం రోజులు రాసి చూశాను. నోట్‌బుక్కులో ఎడమ పేజీ నా పనులకి, కుడి పేజీ బ్రూనోకి. ఏడు రోజులూ సాయంత్రం 6.10కే వచ్చింది. ఒక్కరోజు కూడా తప్పలేదు. రోగానికి గడియారం ఉండదు, మనుషులకే ఉంటుంది. మీరు గౌరిని దోమలు కుట్టకుండా రోజూ ఆరింటికి పాకలో పీచు పొగ వేస్తారు. పది నిమిషాల్లో గోడ దాటి మా వైపు వస్తుంది.

మీ ఆవు మీకెంతో నాకు తెలుసు. నా కుక్క నాకూ అంతే. దయచేసి పొగ మానెయ్యండి.

లిడియా

తా.క.: ఆదివారం పొద్దున్న గుడికి బయల్దేరే ముందు, 9.15కి కూడా ఒకసారి వచ్చింది. ఆ పూట మీరు పొగ వెయ్యలేదు. అది లెక్కలో ఇమడలేదు కాబట్టి కొట్టేశాను.

*

17 ఆగస్టు

శ్రీమతి లిడియా గారికి,

ఆయ్, మానేసేమండి. నాలుగు రాత్రులు గౌరి కాళ్ళు నేలకేసి కొట్టుకుంటూనే ఉంది. దోమలు దాని పొదుగు వాచేలా కుట్టేశాయండి. నిన్న కపిలేశ్వరపురం నుంచి మా అన్నయ్య కృష్ణమూర్తి వచ్చి, గోదారి లంకలో మేపుకుంటానని తోలుకెళ్ళేడు. అది మా వీధి మలుపు దాకా వెనక్కి చూస్తూనే వెళ్ళింది. మా ఆయన అన్నం ముట్టలేదు.

మీ బ్రూనో నిండు నూరేళ్ళూ ఉండాలండి.

అప్పాయమ్మ

తా.క.: రేపట్నించి గోడ మీద చెంబు పెట్టకండి. ఉత్తరాలు మాత్రమే అయితే ఇటికరాయి చాలు.

*

20 ఆగస్టు

పిన్నిగారికి లిడియా తల వంచి రాయు ఉత్తరం.

పొగ ఆగింది. అయినా ప్రతి సాయంత్రం బ్రూనోకి ఊపిరి అందకపోవడం ఆగలేదు. మెల్లగా తగ్గుతుందిలే అని చూశాను, ఈలోగా గౌరి వెళ్ళిపోయింది. మీకెలా చెప్పాలో తెలియక మూడు రోజులు నోరు మూసుకున్నాను.

నిన్న స్నానం చేసి, వాడిని ఆటోలో అమలాపురం తీసుకెళ్ళాను. డాక్టర్ సత్యప్రసాద్ గారు నేను కుర్చీలో కూర్చోగానే తుమ్మారు. బ్రూనో గుర్రుమన్నాడు. ఆయన వాడి గొంతు మెల్లగా నిమిరి, "భయపడకండమ్మా. తుమ్ము బయటికి రావాలి కదా, వీడికి లోపలికి పోతోంది. ముక్కుకి పడనిదేదో తగులుతోంది," అన్నారు. నోట్‌బుక్కు ఇచ్చాను. రెండు నిమిషాలు తిప్పి అడిగారు: "ఈ ఎడం పేజీ, కుడి పేజీ ఎప్పుడైనా కలిపి చదివేరా అండీ?"

ఎడమ పేజీలో నా చేతి రాతే ఉంది: 6.00 స్నానం, పౌడరు. ఆదివారం 9.10, పౌడరు. ఆ డబ్బా మా చెల్లి హన్నా మస్కట్ నుంచి పంపింది. మొదలుపెట్టింది ఆగస్టు అయిదున.

నిమిషాలతో సహా రాసుకున్నాను. నా వైపు పేజీ మాత్రం చూసుకోలేదు. నింద మీ పాకలోకి పంపి, మీ ఆవును ఊరు దాటించాను. కపిలేశ్వరపురం నేనే వెళ్ళి, మీ అన్నయ్యగారి కాళ్ళు పట్టుకునైనా గౌరిని తెస్తాను. సరేనని ఒక్క మాట రాయండి.

మీ
లిడియా

తా.క.: "రోగి ఎవరో ముందే చెబితే, పౌడరు మానమనే చీటీ మీ పేరు మీదే రాసేవాణ్ణి" అన్నారు డాక్టరు గారు.

*

21 ఆగస్టు

లిడియమ్మా,

నువ్వు వెళ్ళకు. గౌరి అక్కడ మేతకి అలవాటు పడిపోయింది. ఇంకో సంగతి రాస్తాను, చదివి చింపెయ్యి.

నా మోకాళ్ళు రెండేళ్ళుగా లేవనివ్వట్లేదు. వంగి పాలు తియ్యాలంటే కళ్ళమ్మట నీళ్ళొచ్చేవి. ఆవుని పంపించేద్దామండీ అంటే మా ఆయన, "నేను పోయేక పంపు" అనేవారు. నీ ఉత్తరం రాగానే ఆయన ఎదురుగా కూర్చుని రెండుసార్లు చదివేను. "పక్కింటి కుక్క ఊపిరాగి పోతే ఆ పాపం ఎవరికండీ?" అన్నాను. దోమతెర కట్టొచ్చు, నాకు తెలుసు. కట్టలేదు. అన్నయ్యకి ఫోను చేసింది కూడా నేనే. నీ మీద కోపం వచ్చినట్టు రాసి, తప్పంతా నీ నెత్తిన పెట్టేను.

నా మోకాళ్ళు కుదుటపడ్డాయి. కానీ తెల్లవారుజామున నాలుగింటికి మెలకువొచ్చేస్తోంది. చేతులు కడుక్కుని, ఎందుకు కడుక్కున్నానో తెలీక అలా కూర్చుంటున్నాను. మా ఆయనేమో పాకలో కట్టుగుంజ పట్టుకుని నించుంటున్నారు. నిజం ఆయనకి చెప్పే ధైర్యం లేదు. ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే నాకే ఊపిరి ఆడేలా లేదని నీకు రాసేను.

నీ పిన్ని,
అప్పాయమ్మ

తా.క.: ప్యాకెట్టు పాల కాఫీని ఒక్కదాన్నే కూర్చుని తిట్టుకోలేకపోతున్నాను. రేపు పొద్దున్న గోడ చుట్టూ తిరిగి గుమ్మంలోంచి రా, నువ్వూ తిట్టు. నీ తప్పుకీ నా తప్పుకీ అక్కడితో చెల్లుకు చెల్లు.