కత్తి నాది, ఒర నీది

రాజపాళయం,
సోమవారం.

ఒరకు మాత్రమే యజమాని అయిన తమ్ముడు నందకుమార్‌కు అన్న దీవెనలు.

నీతో మాట్లాడనని ఒట్టు పెట్టుకున్నాను గానీ, రాయనని పెట్టుకోలేదు. మదురై నుంచి జెన్సి అనే అమ్మాయి వచ్చింది. పాత ఆయుధాల వయసు చెప్పడం ఆమె చదువు. మన కత్తి కొన వెడల్పయి రెండుగా చీలి ఉండడం చూసి, ఇలాంటిది ఎక్కడా చూడలేదంది. ఐదు వందల ఏళ్లదని, ఏనుగు తొండం నరికిందని తాత చెప్పిన కథంతా చెప్పాను. ఆమె ఓపిగ్గా విని, భూతద్దంతో పిడి చూసి, రెండు వందల ఏళ్లకు మించదంది. నాకు అన్నం సహించలేదు. ఒర కూడా చూస్తే కత్తి వయసు ఇంకా వెనక్కి పోవచ్చట.

నాన్న పోయాక పంచుకున్నప్పుడు, ఒర లేని కత్తి కసాయి కొట్లో ఉంటుందన్నావు. ఆ మాట ఇంకా గుచ్చుకుంటోంది. మా అమ్మాయి సత్యప్రియ పెళ్లికీ నువ్వు రాలేదు. నీ కోసం ముందు వరుసలో కుర్చీ ఆపి, కూర్చోబోయిన వాళ్లందరినీ తిట్టాను.

శుక్రవారం ఒర తీసుకుని రా. కత్తి పరువు కోసమే, నా కోసం కాదు.

మీ అన్న,
కామరాజ్


రాజపాళయం,
శనివారం.

నా నందాకు,

నిన్న వచ్చావు. నా ఎదురుగా కూర్చుని ప్రతి మాటా మీ వదిన నాగమ్మాళ్‌కు చెప్పావు, నేనూ ఆమెకే చెప్పాను. కత్తిని ఒరలో పెట్టి చూద్దామని జెన్సి అనగానే మాత్రం ఇద్దరం ఒక్కసారే వద్దన్నాం. దూసిన కత్తి రక్తం చూడకుండా ఒరలోకి పోకూడదని మనింటి కట్టుబాటు. నాన్న ఉన్నప్పుడు ఆయుధ పూజకు కూడా పక్కపక్కనే పెట్టాం గానీ, ఎవరూ దూర్చి చూడలేదు.

నాగమ్మాళ్‌కు విసుగొచ్చి నా వేలికి పిన్నీసు గుచ్చి, చుక్క రక్తం కత్తికి రాసింది.

"రక్తం చూసినాది. ఇంగ పెట్టండి."

నాలుగు వేళ్లంత దూరి ఆగిపోయింది. ఆ ఒర వేరే ఏదో సన్నకత్తిదట, మన కత్తికంటే వందేళ్లు పాతదట. మనిద్దరం తలలు దించుకున్నాం. అప్పుడు వదినను దాటి నా వైపు చూశావు.

"అన్నా, ఎవురిదో కత్తి ఒర కోసరం బిడ్డ పెండ్లికి రాకపోతినే."

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. నా ఒట్టు అక్కడే తీరిపోయింది.

ఒక సంగతి. రెండూ ఎర్రపట్టులోనే చుట్టి ఉండడంతో, నువ్వు మీ ఊరు సేత్తూరుకు బండి మీద కట్టుకుపోయింది కత్తిని. చూస్తూనే ఊరుకున్నాను. వయసులో పెద్దది ఇప్పుడు పెద్దవాడి ఇంట్లోనే ఉంది.

మార్చుకోవడానికి ఆదివారం భోజనానికి రా. వచ్చేటప్పుడు కత్తి మరిచిపోయి రా. మళ్లీ రావలసి వస్తుంది.

నీ అన్న,
కామరాజ్