అద్దాల షవరా, అద్దాల్లేని షవరా

శ్రీవారికి,

ఫోన్ చేస్తే అరుస్తాను. అక్క ఇంట్లో ఉండి అరిస్తే బాగుండదని రాస్తున్నాను. బాత్రూమ్ కొత్తగా కట్టించేదాకా ఇక్కడ ఉండమన్నారు, ఉన్నాను. కానీ షవర్ చుట్టూ అద్దాల గది పెట్టిస్తున్నారని నాకు మేస్త్రీ చెప్పాలా? ఆ అద్దాల మీద సబ్బు మరకలు తుడిచేదెవరు? అద్దాలూ వద్దు, తలుపూ వద్దు. షవర్ ఓపెన్‌గానే ఉండాలి.

మీ ఆవిడ

తా.క.: నేను తుడుస్తానని మాత్రం రాయకండి. ఫ్యాన్ తుడుస్తానని మీరు ఎక్కిన నిచ్చెన ఇంకా హాల్లోనే ఉంది.

*

శ్రీమతికి,

నీ ఉత్తరం మేస్త్రీకి చదివి వినిపించాను. తలుపు వద్దన్నావు కదా అని బాత్రూమ్ తలుపే ఊడదీశాడు. ఇప్పుడు సోఫాలో కూర్చుంటే ఎదురుగా కమోడ్. నిన్న మా ఆఫీసరుగారు వచ్చి, కాఫీ సగంలోనే వదిలేసి వెళ్లిపోయారు. అందుకే చెబుతున్నాను, అద్దాలే నయం. గదంతా నీళ్లు చిమ్మితే జారిపడేది నేను.

మీ ఆయన

తా.క.: నిచ్చెన మీద తువ్వాళ్లు ఆరేస్తున్నాను. ఊరికే ఏం లేదు.

*

ఏమండీ,

తలుపంటే అద్దాల తలుపు. ఇన్నేళ్లు కాపురం చేశాక ఇదీ విడమరిచి చెప్పాలా? నేల వాలు సరిగ్గా పెట్టిస్తే నీళ్లు ఎక్కడా నిలవవు. ఆ గాజుపెట్టెలో మీ పొట్ట పడితే సబ్బుకి చోటుండదు. అద్దాలు బిగించారో, నేను ఆ ఇంటికి రాను. నా చీరలు ఇక్కడికి పంపించేయండి.

మీ ఆవిడ

తా.క.: ఇస్త్రీ చేయించి పంపండి.

*

శ్రీమతికి,

చీరలు పంపను. కోపం నాకూ వస్తుంది. పంతం కొద్దీ అద్దాలు బిగించేశాను. మొదటిరోజు రాజాలా స్నానం చేశాను. మర్నాటికి అద్దాల నిండా తెల్లటి చారలు. నిమ్మకాయతో రుద్ది, పేపరుతో తుడిచి, చెమట పడితే మళ్లీ స్నానం చేశాను. మళ్లీ చారలు. ఇంట్లో కిటికీలన్నీ ఇన్నాళ్లూ నువ్వొక్కదానివే తుడిచావని గుర్తొచ్చి నా మీద నాకే మండింది. నిన్న అద్దాలు పీకించేశాను. నువ్వు చెప్పినట్టే వాలు కూడా పెట్టించాను. నువ్వే గెలిచావు, వచ్చెయ్.

మీ ఆయన

తా.క.: బాత్రూమ్ తలుపు మళ్లీ పెట్టించాను. ఆఫీసరుగారు మాత్రం మళ్లీ రాలేదు.

*

ఏమండీ,

మీ ఉత్తరం చదివి తల పట్టుకున్నాను. అద్దాలు ఎవరు పీకించమన్నారు? నేనే అన్నాను. అయితే మాత్రం, నా మాట ఎప్పుడు విన్నారని ఇప్పుడు వినడం?

అక్క వాళ్ల షవర్‌కి అద్దాల గది ఉంది. మీ మీద కోపంతో ఇన్నాళ్లూ అందులోకి వెళ్లకుండా బకెట్‌తోనే పోసుకున్నాను. మొన్న బకెట్‌లో బట్టలు నానబెట్టి ఉంటే, తప్పక వెళ్లాను. తలుపు వేసుకుని నీళ్లు తిప్పాక బయట మాట ఒక్కటీ వినిపించలేదు. అక్క పిలిచిందట, బావగారు పిలిచారట. నాకేం తెలుసు? మన ఇంట్లో తలమీద నీళ్లు పోసుకుంటూ, మీ కళ్లజోడు ఎక్కడుందో, పంచదార డబ్బా ఎక్కడుందో అరిచి చెప్పని రోజుందా? అక్కడ మొదటిసారి ఎవరికీ జవాబు చెప్పకుండా నిలబడ్డాను. ఎందుకో ఏడుపొచ్చింది. ఆ ఏడుపు కూడా ఎవరికీ వినపడలేదు.

ఆ అద్దాలు మళ్లీ బిగించండి. పైకప్పు దాకా. అప్పుడే వస్తాను.

మీ ఆవిడ

తా.క.: మందపాటి అద్దం చూసి తీసుకోండి. మీ గొంతు సంగతి నాకు తెలుసు.