పాలపుంతకు నడుముంది

చిరంజీవి పెద్దోడికి దీవెనలతో అమ్మ రాసేది. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనూ, నా మోకాలూ, నీళ్ళు పోయడం మరిచినా ఎండనని మొండికేసిన కిటికీలో మొక్కా. అక్కడ నువ్వూ కోడలూ కులాసాగా ఉన్నారనుకుంటాను.

నువ్వడిగినవాటికి వరసగా చెబుతాను. మోకాలికి పట్టీ కట్టుకుంటున్నాను. వంట మానలేదు, పొద్దున వండిందే రాత్రికీ తింటున్నాను. దానికి మళ్ళీ ఫోన్ చేసి క్లాసు పీకకు. ఇక మూడోది. "రిటైరయ్యే ముందు డైరెక్టరుతో గొడవెందుకమ్మా, సంతకం పెట్టి పడెయ్యరాదూ" అన్నావు. అదేదో కరెంటు బిల్లు మీద సంతకమైనట్టు! సంగతేమిటో ముందు విను, తర్వాత తిడుదువుగాని.

పాలపుంత నడిమధ్యన నక్షత్రాలు కిక్కిరిసి ఉంటాయి. అక్కడికెళ్ళి చూడలేం, ఇక్కడినుంచే లెక్కపెట్టాలి. వాటిలో ఒక రకం ఎర్ర నక్షత్రాలున్నాయి, అన్నీ ఇంచుమించు ఒకే వాట్ల బల్బుల్లాంటివి. మసగ్గా కనిపిస్తే దూరం, వెలుగ్గా కనిపిస్తే దగ్గర. ఏ దూరంలో ఎన్ని ఉన్నాయో లెక్కిస్తే ఆ మధ్యభాగం ఆకారం తెలుస్తుంది. అది బంతిలా ఉంటుందని మా డైరెక్టరు ఎప్పుడో బొమ్మ గీశాడు. ఆ బొమ్మ మా ఆఫీసు గోడల మీదే కాదు, టీ కప్పుల మీద కూడా ఉంది. బంతి అయితే ఎటు చూసినా నక్షత్రాలు ఒకే కుప్పగా తేలాలి. నడిమధ్యకు కాస్త పైనా, కాస్త కిందా చూస్తే నాకు రెండు కుప్పలు తేలాయిరా! ఒకటి ఇవతల, ఒకటి అవతల, మధ్యలో పలచన. అంటే అది బంతి కాదు, నడుమున్న వేరుశనగకాయ.

"దుమ్ము అడ్డొచ్చి అలా కనిపిస్తోంది మేడమ్. రెంటినీ కలిపి సగటు తీసెయ్యండి," అన్నాడాయన.

దుమ్మును దాటి చూసే కెమెరా లెక్కలతో మొదటినుంచీ మళ్ళీ చేశాను. అప్పుడూ రెండే.

"ఈ వయసులో మీకెందుకండీ ఈ తలనొప్పి?"

"నాకేం తలనొప్పి లేదు సార్. కప్పులు మళ్ళీ అచ్చు వేయించాలన్నదే మీ తలనొప్పి," అన్నాను.

గదిలో ఉన్నవాళ్ళు నవ్వు ఆపుకోలేక చచ్చారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఉన్న నక్షత్రాలను ఈయనగారి బొమ్మ చెడకూడదని చెరిపెయ్యాలా? చచ్చినా చెయ్యను.

ఇంతసేపూ దాచిన మాట ఇప్పుడు చెబుతాను, కూర్చుని చదువు. ఆయన నన్ను సంతకం పెట్టమన్న ఆ సగటు బొమ్మ వ్యాసంలోంచి నా పేరు తీయించేశాను. రెండు కుప్పల పటాన్ని నా ఒక్కదాని పేరుతో సైన్సు పత్రికకు పంపాను. మర్నాడే నన్ను పనిలోంచి తప్పించారు. గది తాళంచెవి ఆయన బల్ల మీద పెట్టి వచ్చేశాను. పత్రికవాళ్ళు కాదంటే ఇన్నేళ్ళ పనీ గాల్లో కలిసినట్టే. భయం లేదంటే అబద్ధం. సిగ్గు మాత్రం లేదు.

"మా ఇంటికొచ్చి విశ్రాంతి తీసుకో" అన్నావు. వస్తాను, విశ్రాంతికి కాదు. పత్రికవాళ్ళు సవాలక్ష ప్రశ్నలు వేస్తారు, ఒక్కోదానికీ జవాబు రాయాలి. మీ భోజనాల బల్ల ఖాళీ చేసి ఉంచు. టీకి కప్పు నేనే తెచ్చుకుంటున్నాను, ఆ ఆఫీసు కప్పే. బంతి బొమ్మకు నడుము దగ్గర అటొకటి ఇటొకటి మార్కరుతో నొక్కులు గీశాను. ఎంత తోమినా పోవడం లేదు.

ఇట్లు,
మొండిఘటమని నువ్వే పేరుపెట్టిన
నీ అమ్మ