పచ్చ టిక్కులు, తప్పిపోయిన ఏడు రిపోర్టులు

చిలకలగూడ, సికింద్రాబాద్,
ఆదివారం

జరీనా అక్కకు,

నీ తమ్ముడు యాకూబ్ సలాం చేసి రాస్తున్నది. నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వు, బావ, పిల్లలు కులాసా అని తలుస్తాను. నాన్నమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? ఫోన్‌లో అడిగితే "అంతా మంచిగనే ఉంది" అని పెట్టేస్తావు. అందుకే కాగితం తీశాను. జవాబైనా వివరంగా రాయి.

నా గురించి బెంగ పెట్టుకోకు. వేళకు తింటున్నాను. మెస్‌లో పప్పు నీళ్ళలా ఉంటుంది, అయినా తింటున్నాను. ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త ఎల్లిపాయ కారం పంపు. నిజం చెప్పాలంటే అలసిపోయాను అక్కా. వచ్చి ఎనిమిది నెలలైనా ఈ ఇంట్లో నన్ను పేరుతో పిలిచే మనిషి లేడు. ఓనరమ్మ కూడా "ఓ పైరూం తమ్మి, మోటరు బంద్ చెయ్యి" అనే అంటుంది.

నా పని ఏమిటని బావ అడుగుతుంటాడు కదా, చదివి వినిపించు. మా కంపెనీకి చాలా ఊళ్ళలో రక్తపరీక్షల సెంటర్లున్నాయి. అక్కడి కంప్యూటర్లలో ఎక్కిన రిపోర్టులు గంటకోసారి క్లౌడ్‌లోకి కాపీ కావాలి. డాక్టర్లు వాటిని అక్కడి నుంచే ఫోన్‌లో చూసుకుంటారు. ప్రతిసారీ మొత్తం కాపీ చేయాలంటే గంట చాలదు. అందుకని కిందటిసారి ఏ సమయం దాకా తీసుకున్నామో గుర్తుంచుకుని, ఆ తర్వాతి సమయం ఉన్నవాటినే తీసుకొమ్మని ప్రోగ్రాం రాసిపెట్టాను. పని పూర్తయితే తెర మీద పచ్చ టిక్కు పడుతుంది. రోజంతా ఆ టిక్కులు చూడడమే నా ఉద్యోగం. సాయంత్రానికి కళ్ళు మండిపోతాయి.

పోయిన నెల ఒక చిన్న ఊరి సెంటర్ రిపోర్టులు కొన్ని డాక్టరుకు చేరలేదు. ఒక నిండు గర్భిణి రిపోర్టు కోసం రెండుసార్లు బస్సెక్కి వచ్చి, ఉత్త చేతులతో వెళ్ళిందట. మా దగ్గర చూస్తే అన్నీ పచ్చ టిక్కులే. అక్కడి క్లర్కు ఎక్కించి ఉండడని మా మేడం తేల్చేసింది. నేనూ తలూపాను. ఆ క్లర్కు పేరు వెంకటయ్య. ఒకటో తారీఖు నుంచి రావద్దని ఆయనకు చెప్పేశారు.

మర్నాడు ఆయన నాకే ఫోన్ చేశాడు. గొంతును బట్టి యాభై దాటిన మనిషి.

"సార్, నేను అన్ని ఎక్కించిన. జెర మల్ల సూడుండ్రి. మా తాన మధ్యాన్నం కరెంటు పోతది. అప్పుడు నోట్‌బుక్కుల రాసుకుంట, కరెంటు వచ్చినంక కంప్యూటర్ల ఎక్కిస్త."

"ఎక్కించేటప్పుడు టైం ఏది వేస్తారు?" అన్నాను.

"రక్తం తీసిన టైమే ఏస్త సార్. వేరేది ఏస్తే అబద్ధం గాదా?"

అప్పుడర్థమైంది అక్కా. పన్నెండింటికి తీసిన రక్తం వివరాలు మూడింటికి ఎక్కించి, పన్నెండనే వేస్తున్నాడు. అప్పటికి నా కాపీ రెండు దాటిపోయి ఉంటుంది. పన్నెండు కనబడగానే పాతదనుకుని వదిలేస్తుంది. వెతికితే ఏడు రిపోర్టులు అలా తప్పిపోయాయి. ఎక్కించిన సమయం పక్క గడిలో దానంతటదే పడుతుంది, నేను దాన్ని చూడమని రాయాల్సింది. ఆస్పత్రిలో నీ నర్సు డ్యూటీలో కరెంటు పోయినప్పుడు నువ్వు కాగితం మీద రాసుకుని, తర్వాత సూది వేసిన సమయమే ఎక్కించడం నీ పక్కన కూర్చుని ఎన్నిసార్లు చూశాను! అయినా నాకే తట్టలేదు. చాలా సిగ్గేసింది.

నన్ను పర్మనెంటు చేసే కాగితం సంతకానికి మేడం దగ్గరే ఉంది. గుట్టుగా సరిచేసి ఊరుకుంటే ఎవరికీ తెలియదు. ఒక రోజంతా అలాగే ఊరుకున్నాను, నీ దగ్గర దాపరికం ఎందుకు. మర్నాడు ఉండబట్టలేక వెళ్ళి తప్పు వెంకటయ్యది కాదు, నాదని చెప్పాను.

"టిక్కు పచ్చగనే ఉండె గదా యాకూబ్," అంది మేడం.

ఏడు రిపోర్టులూ చేర్చాను. ఆ గర్భిణికి రక్తం తక్కువుందట, మందులు మొదలుపెట్టారు. వెంకటయ్యను ఉండమన్నారు. నా కాగితం మాత్రం ఆరు నెలలు వెనక్కి పోయింది. అందాకా ఈ ఒంటిగదే. సెలవులకు పిల్లల్ని రమ్మన్నాను కానీ ఇప్పుడు కుదరదు. కోపం తెచ్చుకోకు, వాళ్ళకు నువ్వే సర్దిచెప్పు. నాన్నమ్మకు, బావకు నా సలాములు. నా కోసం దువా చేయమను.

నిన్న వెంకటయ్య మళ్ళీ ఫోన్ చేశాడు. "నా తోని మీకు తక్లీఫ్ అయింది సార్, మాఫ్ చెయ్యుండ్రి. ఇగ ఎక్కించిన టైమే ఏస్త," అన్నాడు.

"వద్దండి, రక్తం తీసిన టైమే వేయండి. మార్చాల్సింది నేను. మార్చేశాను," అన్నాను.

"గట్లయితే నాది తప్పు లేదని మా ఇంటామెకు జెర మీరే చెప్పుండ్రి సార్. నేను చెప్తే నమ్ముతలేదు," అని ఫోన్ ఆమె చేతికిచ్చాడు.

చెప్పాను అక్కా. మేడంకు చెప్పడం కన్నా అదే కష్టమైంది.

మీ అందరి దువా కోరే
నీ తమ్ముడు,
యాకూబ్