పన్నెండో తారీఖు వంతు

మార్చి నెల ఏడో తారీఖు, శనివారం పగలు, నా సొంత కుట్టు కొట్లో, కొంత కూర్చుని కొంత నిలబడి నేను రాయిస్తున్న వీలునామా.

నా వయసు యాభై ఎనిమిది. వృత్తి కుట్టుపని. నా బుర్ర సరిగ్గానే పనిచేస్తోంది. నమ్మనివాళ్లు గుమ్మంలోకి వస్తే వాళ్ల భుజం, ఛాతీ, నడుము కొలతలు టేపు పెట్టకుండా చెబుతాను. నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు, భయపెట్టలేదు, మత్తు ఇవ్వలేదు. మత్తు ఎల్లుండి ఇస్తారు. సోమవారం ఉదయం నా గుండెలో ఒక కవాటం మారుస్తున్నారు. అది నా పాత జబ్బు వల్ల కాదని, వయసు మీదపడితే ఎవరికైనా రావచ్చని ఆపరేషన్ చేసే డాక్టరు రెండుసార్లు చెప్పాడు. హెచ్‌ఐవీ ఉందని తేలిన రోజున ముప్పై ఏడో ఏడు చూడననుకున్న మనిషిని. నాకూ అందరిలా ఒక వయసు జబ్బు వచ్చిందంటే కాస్త గర్వంగానే ఉంది.

కూర్చోమ్మా అని దస్తావేజులు రాసే ఆయన ఇప్పటికి నాలుగుసార్లు అన్నాడు. కూర్చుంటే నా కాలు ఊరుకోదు, కింద మిషను లేకపోయినా తొక్కుతూనే ఉంటుంది. నిలబడి అటూ ఇటూ తిరుగుతూ చెబుతున్నాను. వరుస తప్పితే తప్పు నాది, ఆయనది కాదు.

పేర్లు విడిగా జత కాగితంలో ఉన్నాయి. ఇందులో వద్దన్నాను. మా జబ్బులో మనిషి కంటే ముందు పేరు వీధిలోకి పోతుంది.

ఒకటి. ఈ ఇంట్లో నా వాటా, అంటే ముందు కొట్టు, మధ్య గది, వెనక వంటిల్లు, నా ఒక్కగానొక్క కూతురికి సర్వహక్కులతో చెందుతాయి. వీలునామా అమలు చేయాల్సింది కూడా అదే. పొద్దస్తమానం బస్సు టికెట్ల కిటికీ వెనక కూర్చుని జనంతో వేగే పిల్ల, దీంతోనూ వేగగలదు. అమ్మా, నీకు పన్నెండేళ్లప్పుడు బళ్లో నీ పక్కన ఎవరూ కూర్చోకపోతే, బెంచీ మొత్తం నాకే ఇచ్చారని ఇంటికొచ్చి గొప్పలు చెప్పావు. ఆ రోజు నేను నవ్వాను. ఇవాళ ఏడుపొస్తోంది. రాసే ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ అటు తిరిగాడు.

రెండు. అమ్మా, మీ నాన్న ప్రెస్సులో అక్షరాలు కూర్చేవాడు. ఆయన వాడిన చిన్న ఇనప పట్టకారు మా ఊరి ఆసుపత్రిలో ఉన్న డాక్టరమ్మకు ఇవ్వాలి. ఎందుకో చెబుతాను. ఇరవై రెండేళ్ల కిందట ఇదే జబ్బుకు ఆయన్ను చూసిన పెద్ద డాక్టరు రెండు ముక్కలు చెప్పాడు. మందు ఉంది. ఇక్కడ లేదు. రెండూ ఒకే గొంతుతో చెప్పాడు. ఎక్కడుందండీ అని అడిగితే చేత్తో కిటికీ వైపు చూపించాడు. నేను వెర్రిదాన్ని, లేచి వెళ్లి కిటికీలోంచి బయటకు చూశాను. ఎదురుగా గోడ ఉంది. మీ నాన్న ఆ తర్వాత మూడు నెలలు కూడా లేడు.

ఏడాది తిరిగేసరికి అదే మందు నాలుగు గంటల బస్సు దూరంలోకి వచ్చింది. నేను అందుకున్నాను, అంతే, ఇందులో నా గొప్ప ఏమీ లేదు. ఇంకో నాలుగేళ్లకు మా ఊరికే వచ్చింది. దూరం తగ్గినకొద్దీ చావులు తగ్గాయి. నేను పెద్దగా చదువుకోలేదు గానీ ఈ లెక్క నాకు బాగా తెలుసు. ఇంకా ఎన్ని దేశాల్లో ఎంతమంది ఆడవాళ్లు కిటికీలోంచి గోడలు చూస్తున్నారో తెలియదు. ఆ పెద్ద డాక్టరు మీద నా కోపం పోలేదు. ఆయనకు ఏమీ రాయడం లేదు. డాక్టరమ్మ మాత్రం వచ్చిన మొదటి వారమే, ఇంకా ఎంత దగ్గరికి తేవాలో మీరే చెప్పండి అని మమ్మల్ని అడిగింది. పట్టకారు ఆమెకు.

మూడు. ఆసుపత్రిలో మాత్రలిచ్చే కిటికీకి నేను కుట్టిన నీలం తెర, ట్రంకు పెట్టెలో అడుగున ఉంది. ఆ కిటికీ ముందు వరుస సరిగ్గా బస్సులు ఆగే చోటికి ఎదురుగా ఉంటుంది. బస్సులో కూర్చున్నవాళ్లు తీరిగ్గా చూసి, ఇంటికి పోయి ఎవరెవరు కనిపించారో చెప్పుకుంటారు. కిటికీ వెనకవైపుకు మార్చమని రెండుసార్లు అర్జీ పెట్టాను. ఇంజినీరు వస్తాడన్నారు. ఆయన వచ్చేలోపు తెర కట్టండి. కడ్డీ లేదని వంక పెట్టకూడదు, కడ్డీ కూడా పెట్టెలోనే ఉంది.

మందు సముద్రాలు దాటి మా ఊరికొచ్చి ఆ కిటికీ దగ్గర ఆగిపోయింది. అక్కడినుంచి ఇళ్లకు ఉన్న కాస్త దూరం నేను మోస్తున్నాను. ఆ వరుసలో నిలబడటం కంటే చావే నయమనుకునేవాళ్లు పదకొండు మంది ఉన్నారు. డాక్టరమ్మ పైవాళ్లతో పోట్లాడి అనుమతి తెచ్చింది. ప్రతి నెలా పన్నెండో తారీఖున నేను ఒక్కదాన్నే వెళ్లి అందరి మాత్రలూ తెస్తాను. ఒక్కొక్కరివి ఒక్కో గుడ్డ సంచిలో వేస్తాను. సంచుల మీద పేర్లుండవు, గుండీలుంటాయి. ఎర్ర గుండీ, ఇత్తడి గుండీ, నాలుగు కన్నాల గుండీ, విరిగిన గుండీ, ఇలా. కుట్టిన బట్టల కోసం వచ్చినట్టే వచ్చి పట్టుకుపోతారు. పదకొండు మందీ బతికే ఉన్నారు. నా ఆస్తిలో నేను మొదట చెప్పుకోవాల్సింది ఇదే. ఇది ఆస్తి కిందికి రాదని రాసే ఆయన వాదన. రాయమన్నాను.

నాలుగు. ఆ పన్నెండో తారీఖు వంతును మా మరదలికి, అంటే చనిపోయిన మా తమ్ముడి భార్యకు, ఈ గోడకు అవతలి వాటాలో ఉంటున్న మనిషికి రాసి ఇస్తున్నాను.

ఆపరేషన్ బాగా జరిగినా నేను రెండు నెలలు గడప దాటకూడదట. కాబట్టి ఈ క్లాజు నేను పోయినా ఉన్నా ఈ వచ్చే గురువారం నుంచే అమల్లోకి వస్తుంది. మనిషి బతికుండగా అమలయ్యేది వీలునామా కాదమ్మా, ఉత్తరం అవుతుంది అన్నాడు రాసే ఆయన. అయితే ఇంతమటుకు ఉత్తరం అనుకోండి అన్నాను. సంచుల్లో ఆఖరి మాత్ర పదమూడో తారీఖు పొద్దుటిది. కొత్త మనిషి బుధవారం సాయంత్రంలోపు వెళ్లి డాక్టరమ్మ రిజిస్టరులో సంతకం పెట్టాలి. పెట్టకపోతే అనుమతి పోతుంది, పదకొండు మందికీ మాత్రలు ఆగిపోతాయి. వాళ్లు వరుసలోకి రారు. ఎవరు ముందు మంచం పడతారో, ఎవరు మళ్లీ మొదలుపెట్టరో వేళ్ల మీద చెప్పగలను. నాకు నిద్ర పట్టనిది కవాటం గురించి కాదు.

కూతురు ఆసుపత్రిలో నా దగ్గర ఉండాలి. వేరేవాళ్ల నోటి మీద నాకు నమ్మకం లేదు. మరదలి నోటి గురించి బెంగ లేదు, నాతో మాట్లాడి ఆరేళ్లయింది. ఎదురుగా వెళ్లి అడిగే ముఖం నాకు లేదు. అందుకే ఇలా అడుగుతున్నాను. కాగితానికి అప్పటికప్పుడు కాదు పొమ్మని చెప్పలేరు కదా.

అయిదు. ఆమె ఎందుకు మాట్లాడదో కూడా రాయించాలి, లేకపోతే రేపు మా కూతురు ఆమెనే తప్పుపడుతుంది.

మా తమ్ముడు నీళ్ల పంపులు బాగుచేసేవాడు. మంచి పనివాడు. సాయంత్రమైతే తాగేవాడు. వాడికీ ఈ జబ్బే ఉందని తేలింది. మరదలికి లేదు. వాడికి మాత్రలు మొదలుపెట్టారు. ఆసుపత్రిలో సలహాలు చెప్పే ఆవిడ ముందు నలభై మంది నిలబడి ఉన్నారు. ఆదరాబాదరాగా ఒక్క ముక్క చెప్పి పంపేసింది. ఆ మందూ ఈ మందూ కలవకూడదు, ఒకటి మానెయ్యి అని. తాగిన రోజు కూడా మాత్ర మానకూడదని విడమరచి చెప్పే తీరిక ఆవిడకు లేదు. వారం తర్వాత తమ్ముడు ఈ గుమ్మంలో తల దించుకుని నిలబడి, అక్కా, మందు మానేశాను అన్నాడు.

నేను మిషను ఆపి లేచి వాడి బుగ్గలు నిమిరాను. ఇన్నాళ్లకు బుద్ధి వచ్చిందిరా అన్నాను. ఇల్లంతా సంబరపడ్డాం. నీలం చారల గుడ్డ తెప్పించి వాడికి కొత్త చొక్కా కుట్టాను. లోపల ఒక జేబు పెట్టక్కా అన్నాడు. రెండు వరసల కుట్టుతో పెట్టాను. ఏ మందురా అని మాత్రం అడగలేదు. ఆ తర్వాత అప్పుడప్పుడూ వాసన వచ్చినా, ఒక్కరోజులో పోయే అలవాటు కాదులే అని సరిపెట్టుకున్నాం. ఒకసారి సంతోషపడ్డాక దాన్ని వదులుకోవడం కష్టం. వాడు అబద్ధం చెప్పలేదు. వాడు నిజమే చెప్పాడు. మా సంబరం చూశాక అసలు సంగతి చెప్పే ధైర్యం చాలలేదు.

మరదలు లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. జేబులు తిప్పి చూడకుండా ఏ బట్ట మీదా ఇస్త్రీపెట్టె ఆనించదు. ఎనిమిది నెలల తర్వాత, తమ్ముడు ఆసుపత్రి మంచం మీద ఉండగా, ఆ చొక్కాను మొదటిసారి ఇస్త్రీకి తీసింది. లోపలి జేబులో మాత్రల షీట్లు ఉన్నాయి, ఒక్క మాత్రా తీయనివి. తెచ్చి నా మిషను మీద పెట్టింది. నువ్వు అడగలేదా వదినా, అంది. నాతో ఆమె ఆఖరి మాట అదే. తమ్ముడు పోయాక చొక్కాను గోడ మీదుగా ఇటు విసిరేసింది.

దాన్ని నేను కాల్చేశానని ఆమె అనుకుంటోంది. కాల్చలేదు. కుట్లు విప్పాను. పదకొండు సంచులూ ఆ గుడ్డతో కుట్టినవే. విరిగిన గుండీ సంచి ఆ లోపలి జేబే. నీలం చారలు చూడగానే గుర్తుపడుతుంది, చేతిలోకి తీసుకున్నాక ఉలిక్కిపడకూడదని ముందే చెబుతున్నాను. మరదలా, నేను అడగలేదు. నువ్వు అన్నది నిజం. నీకు నేను ఎదురు చెప్పనిదీ అందుకే.

ఆరు. ఇది అయిదు కంటే ముందు రావాల్సింది. నా జబ్బు సంగతి బయటపడినప్పుడు, సూది గుచ్చుకుంటే రక్తం బట్టలకు అంటుతుందని బేరాలన్నీ పోయాయి. మరదలు అప్పుడు కొత్త కోడలు. వేలికి తొడుక్కునే ఇత్తడి టోపీ ఒకటి తెచ్చి, ఇది పెట్టుకుని కుట్టు వదినా, లేకపోతే నా బట్టలు వేరేచోట ఇస్తాను అంది. చాలా ఏళ్లు దాన్ని కడుపులో పెట్టుకుని ఉడికిపోయాను. తర్వాత తట్టింది, మిగతావాళ్లు టోపీ కూడా ఇవ్వకుండా పోయారు కదా అని. ఆ నెలల్లో నేను కుట్టిన బట్టలు ఒక్క ఆమెవే. ఆ టోపీ ఆమెకే తిరిగి చెందుతుంది. లోపల కాస్త అరిగింది.

ఏడు. ఈ కొట్లో ఇకమీదట మందు అనే మాట నిషేధం. మాత్రను మాత్ర అనాలి, తాగుడును తాగుడు అనాలి. ఎవరైనా వచ్చి మానేశాను అంటే, సంతోషపడే ముందు ఏది అని అడగాలి. పైన ఆ మాట నేనే చాలాసార్లు వాడాను. కొట్టేయమంటే, కొట్టివేతలు ఎక్కువైతే కాగితం మీద అనుమానాలు వస్తాయని రాసే ఆయన భయపెట్టాడు. సరే, ఉండనివ్వండి.

ఎర్ర గుండీ ఆవిడ మాటలపోగు, అన్నీ చెబుతుంది, మాత్ర సంగతి తప్ప. అడగాలి. ఇత్తడి గుండీ పెద్దమనిషి ప్రతిసారీ కాలరు బాగాలేదని గొణుగుతాడు. అతనికి నేను కాలరు కుట్టిందే లేదు, గొణగనివ్వండి. నాలుగు కన్నాల గుండీ రెండు రోజులు ఆలస్యమైతే ఇంటికి మనిషిని పంపకూడదు, ఫోనులో చొక్కా అయిందని మాత్రం చెప్పాలి. పాత సంచి తిరిగి తెచ్చినప్పుడు లోపల తిప్పి చూడాలి, మిగిలిన మాత్రలు ఉంటే ఎందుకు మిగిలాయో అక్కడే అడగాలి. జేబులు తిప్పి చూసే మనిషి ఈ వీధిలో ఒక్కతే ఉంది. ఈ వంతు ఆమెకు రాయడానికి కారణం అంతకంటే లేదు.

ఎనిమిది. మిషను విరిగిన గుండీ అమ్మాయికి. కుట్టు నేర్చుకుంటోంది, చేతులు తిన్నగా ఉన్నాయి. బెల్టు మార్చాలి.

నేను బతికుంటే దీన్ని మార్చుకునే, రద్దు చేసుకునే హక్కు నాకు ఉంది. నాలుగో క్లాజును మాత్రం మార్చుకోను.

ఇంతవరకు రాశాక, రెండో సాక్షి కావాలని, పక్క వాటాలో మనిషి ఉంది కదా అని రాసే ఆయన గోడ మీదుగా మరదలిని కేకేశాడు. నేను వద్దనేలోపే వచ్చేసింది, చేతులకు ఇస్త్రీ తడి ఇంకా ఆరలేదు. నా వైపు చూడలేదు. కాగితాలు మొదటినుంచీ చదివింది. నాలుగూ అయిదూ రెండుసార్లు చదివింది. కలం తీసుకుంది. సాక్షి సంతకం పెట్టినవాళ్లకు ఇందులో రాసినవి దక్కుతాయా అని రాసే ఆయన్ను అడిగింది. దక్కవమ్మా, సాక్షికి హక్కు ఉండకూడదు, నేనే చూసుకోవాల్సింది అన్నాడాయన. ఆమె కలం మూత పెట్టి బల్ల మీద పెట్టేసింది. ఒప్పుకోలేదనుకున్నాను. పొద్దుటినుంచి మొదటిసారి కుదురుగా కూర్చున్నాను.

గుమ్మం దగ్గర ఆగి, మాత్రలు ఎన్నింటి నుంచి ఇస్తారు వదినా, అంది.

ఎనిమిదింటి నుంచి అన్నాను. ఇది కూడా రాయమన్నాను.

తేదీ: మార్చి ఏడు, శనివారం.

సంతకం: కుట్టక్క (వీధి పిలిచే పేరు, అసలు పేరు జత కాగితంలో)

మొదటి సాక్షి: ఎదురుగా గడియారాలు బాగుచేసే ఆయన
రెండో సాక్షి: ఫొటోస్టాట్ కొట్టు అమ్మాయి

కొట్టివేతలు: ఒకటి. రెండో సాక్షి దగ్గర ముందు రాసిన ‘మరదలు’ అన్న మాట. కారణం: ఆమె హక్కుదారు.