సరస్సులో నీ వంతు

అన్నా, నువ్వు పోయాక పులికాటు సరస్సులో నీ చేపల వేట వంతు పరులపాలైందనుకున్నావా? మస్కట్ నుంచి నీ కొడుకు డేవిడ్ వేసవి సెలవుకు వచ్చాడు. వంతుల చీటీలు తీస్తారని తెలిసి నేనూ తిరువళ్ళూరు ప్రార్థన కూటం ఆపేసి ఊరికి పరుగెత్తుకొచ్చాను. ఈ ఉదయం రేవులో పెద్దలు చీటీ తీసి నీ పేరు పిలిచారు. పిలిచిన రోజే ఆ ఇంటివాడు వల వేయకపోతే వంతు వేరేవాళ్ళకు పోతుంది.

"మస్కట్ దొరా, ప్యాంటు తడిసిపోతాదే," అన్నాడు నీ బావమరిది.

"తడవనీ మామా. నాయన వల యాడ పెట్టినారు?" అన్నాడు వాడు.

పేతురు వలలు విడిచి ప్రభువు వెంట నడిచాడని ఊరూరా గొంతు చించుకునే నేను, బైబిలు చంకన పెట్టుకుని నీ వల భుజాన మోశాను. గాలి లేస్తోంది. గాలి తగ్గాక రేపు పోదామంటున్నారు కొందరు. నేను మాత్రం మోకాలి లోతు నీళ్ళలో నిలబడి వాడితో ఒకటే మాట చెప్పాను: "రేపనేది మన చేతిలో లేదు నాయనా. ఇయ్యాలే తొయ్యి పడవ."